బాలల పఠనములో రకారపు చిక్కు

గ్రామ పంచాయతీ సభ్యులారా!

చిన్న తరగతి బిడ్డ ‘గ్రామము’ను ‘గామము’ అని చదివినచో దానిని తెలివితక్కువగా నెంచరాదు. తెలుగు వ్రాతలో రకారము పలు రూపములు దాల్చును. ‘గ్రామము’లో అది క్రారవడి. ‘గృహము’లోని వట్రుసుడి అచ్చు గుర్తేయైనను, మన నోట ‘రు’ వలె పలుకును. ‘అర్జీ’లో గుడిదీర్ఘము ర మీద కనబడును, పలుకుట మాత్రము జ తోడనే. బిడ్డ తడబడునది ఇచ్చటనే.

కనుక ఈ మూడింటిని ఒకేనాడు నేర్పరాదు. మొదట మాటను వినిపించి, పలికించి, పిమ్మట గుర్తును చూపవలెను.

మీరు బడిని దర్శించినపుడు, కంఠస్థము చేసిన పాఠమును గాక, ఒక క్రొత్త మాటను చదివించి వినుడు. తప్పు చదివిన బిడ్డను నవ్వులపాలు కానీయకుడు. నేడు ఈ గుర్తులు పట్టుబడిన బిడ్డ రేపు తన అర్జీని తానే చదువుకొనగలదు.