పాన్‌దాన్‌ ఎవరిది?

(లాలాగూడలో జరిగిన మహిళల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కులపై మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. చట్టం పుస్తకాలకు బదులు ఒక పెట్టెను వెంట తెచ్చాను. ఇది మా అమ్మమ్మ పాన్‌దాన్‌. మేము ఆమెను నానీ అని పిలిచేవాళ్లం. ఇత్తడిది, లోపల కళాయి పూత ఉంది. మూత గుమ్మటంలా ఉంటుంది. తెరవగానే ఒక పళ్లెం, అందులో చిన్న చిన్న గిన్నెలు కనిపిస్తాయి. కాచుకు ఒకటి, సున్నానికి ఒకటి, మిగిలినవి వక్కలకు, ఏలకులకు, లవంగాలకు. పళ్లెం పైకెత్తితే, తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు దాచుకొనే చోటు. ఆ ఆకుల కింద మరొకటి ఉండేది. అది నానీ డబ్బు.

మా నానా ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. నిజాం రైల్వే కంపెనీ 1893లో నెలకొల్పిన కార్ఖానా అది. జీతం అందిన రోజున ఇంటి ఖర్చుకు ఇచ్చేది ఇచ్చి, కొంత సొమ్మును విడిగా నానీ చేతిలో పెట్టేవారు. దాని పేరు ‘పాన్‌దాన్‌ ఖర్చు’. దాని లెక్క ఆయన అడిగేవారు కాదు, ఆమె చెప్పేదీ కాదు. చిన్నతనంలో అది ఆకూవక్కల డబ్బే అనుకున్నాను. లా చదివేటప్పుడు గాని దాని అసలు అర్థం బోధపడలేదు.

ఆ సంగతి విపులంగా చెప్పాలి. 1877 అక్టోబరు 25న ఉత్తర హిందూస్థానంలోని ఒక నవాబు తన కుమారుని వివాహం సందర్భంగా ఒక ఒప్పందపత్రం రాసిచ్చారు. వధూవరులిద్దరూ మైనర్లు. కోడలు అత్తవారింట అడుగుపెట్టిన నాటి నుంచి నెలకు 500 రూపాయలు ఖర్చె పాన్‌దాన్‌గా శాశ్వతంగా చెల్లిస్తానని, అందుకు తన స్థిరాస్తి పూచీ అని అందులో ఉంది. 1883లో ఆమె కాపురానికి వచ్చింది. 1896లో కలతలు వచ్చి భర్త ఇల్లు విడిచింది. మామగారు డబ్బు ఇవ్వలేదు. ఆమె కోర్టుకెక్కింది. మామగారి వాదన ఏమిటంటే, ఒప్పందం తనకూ కోడలి తండ్రికీ మధ్య జరిగింది, అందులో పక్షం కాని ఆమెకు దావా వేసే అర్హత లేదు. పైగా ఆమె భర్త వద్ద ఉండటం లేదు.

ఈ వివాదం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్లింది. 1910లో ఆమె గెలిచింది. తీర్పు రాసినవారు సయ్యద్ అమీర్ అలీ. ఆ న్యాయపీఠంలో సభ్యుడైన తొలి భారతీయుడు ఆయనే. తల్లిదండ్రులు కుదిర్చే పెళ్లిళ్లున్న సమాజంలో, ‘నువ్వు సంతకం చేయలేదు’ అంటూ ఆడపిల్లను గుమ్మంలోనే తిప్పిపంపితే తీరని అన్యాయం జరుగుతుందని ఆ తీర్పు గుర్తించింది. భర్త వద్ద ఉంటేనే చెల్లిస్తామన్న షరతు పత్రంలో లేదని కూడా చెప్పింది. అప్పట్లో ఇంగ్లండులో భార్యకిచ్చే చేతిఖర్చును భర్త సలహా మేరకు వాడుకోవాల్సి ఉండేది. పాన్‌దాన్‌ ఖర్చుకు అలాంటి బంధనం లేదని తేల్చింది. పక్కనే ఉన్న ఉస్మానియా ప్రాంగణంలో లా చదివే పిల్లలను అడగండి. కాంట్రాక్టు చట్టం పాఠంలో ఈ కేసు నేటికీ ఉంది. అయితే వారిలో ఎంతమంది పాన్‌దాన్‌ను కళ్లతో చూసి ఉంటారో చెప్పలేను.

చూసినవారు ఉంటే, గాజు బీరువాలో చూసి ఉంటారు. తార్నాక ఫ్లాట్లలో ఇప్పుడు పాన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌లు, ఖాస్‌దాన్‌లు అలంకార వస్తువులు. పాతబస్తీలో మహబూబ్ చౌక్ పరిసరాల పాత వస్తువుల దుకాణాలకు వెళ్తే మన ఇళ్లలోంచి వెళ్లినవే వరుసగా కనిపిస్తాయి. వాటిలో బిద్రీ పనికి విలువ ఎక్కువ. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, పైన చెక్కిన గాళ్లలో వెండి తీగను అదిమి, బీదరు కోట మట్టితో చేసిన ముద్ద పూస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. 1956 వరకు బీదరు మన హైదరాబాద్ రాజ్యంలోనిదే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మంచి బిద్రీ వస్తువులున్నాయి, పిల్లలకు చూపించండి. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. ఇంకొక మాట. మీ ఇంట్లో బిద్రీ పెట్టె ఉంటే చింతపండుతో తోమకండి, ఆ నలుపు పోతుంది. కొబ్బరినూనె అద్దిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

అలంకరించుకోవడం తప్పు కాదు. ఆ వస్తువు ఎవరిదన్న ప్రశ్న అడగకుండా అలంకరించుకోవడం, అమ్ముకోవడం గురించి నా బాధ.

నా వద్దకు వచ్చిన ఒక సోదరి సంగతి చెబుతాను. తలాక్ తరువాత ఆమె తన సామాను జాబితా రాసుకొచ్చింది. బంగారం, మంచం, ఫ్రిజ్ అన్నీ ఉన్నాయి. తల్లి ఇచ్చిన వెండి అత్తర్‌దాన్‌ లేదు. ‘అది షోకేసులో ఉండేది కదా, సామాను అనుకోలేదు’ అంది. అడిగితే అత్తవారు అది తమ వంశంలో వస్తున్నదని అన్నారు. కాగితం ఏదీ లేదు. చివరికి నికాహ్ నాటి ఒక ఫోటోలో, పుట్టింటివారు తెచ్చిన పళ్లేల మధ్య, ఆ అత్తర్‌దాన్‌ కనిపించింది. ఆ ఫోటో లేకపోతే అది ఆమెకు తిరిగి వచ్చేది కాదు.

చట్టం ఆమె వైపే ఉంది. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం మూడో సెక్షన్ ప్రకారం, పెళ్లికి ముందు గాని, పెళ్లిలో గాని, ఆ తరువాత గాని, పుట్టింటివారు, స్నేహితులు, భర్త, అతని బంధువులు ఎవరిచ్చినా ఆ వస్తువులు విడాకులు పొందిన స్త్రీవే. కట్నాన్ని నిషేధించిన 1961 చట్టం మహర్‌ను కట్నంగా పరిగణించదు. పెళ్లి కానుకల జాబితా రాయాలని 1985లో నియమాలు వచ్చాయి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. వధువుకిచ్చిన కానుకల జాబితా వధువు వద్దే ఉండాలి. నేను వెళ్లిన పెళ్లిళ్లలో విందు జాబితా చూశాను గాని ఈ జాబితా చూసింది తక్కువ.

అత్తవారింటి సంగతి ఒకటైతే, పుట్టింటి సంగతి మరొకటి. తల్లి కన్నుమూశాక ఆమె పెట్టెలు తర్కాలో భాగం. కూతుళ్లకు నిర్ణీత వాటా ఉందని సూరె నిసా నిర్దేశించింది. ఇల్లూ స్థలమూ వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంటుంది. పాత పెట్టెను మాత్రం అన్నదమ్ములు పాత ఇత్తడి అనుకొని తూకానికి వేస్తారు. ఈ విషయంలో మా ఇల్లూ మినహాయింపు కాదు. నానీకి ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. మామూజాన్ ఈ పాన్‌దాన్‌ను మా అమ్మకు ఇచ్చేశారు, అమ్మ నాకిచ్చింది. చిన్న ఖాలాను ఎవరూ అడగలేదు. ఈ ప్రసంగం రాసుకొనే దాకా నాకూ తట్టలేదు.

అమ్మే ముందు ఇంకా రెండు సంగతులు తెలుసుకోవాలి. వందేళ్లు దాటిన కళావస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దానితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించకూడదు. కొడుకు షికాగోలో ఉన్నాడని సూట్‌కేసులో పెట్టి పంపితే విమానాశ్రయంలో ఇబ్బంది తప్పదు. చారిత్రక విలువ గల పత్రాలకైతే డెబ్బై అయిదేళ్లే పరిమితి. అందుకే పెట్టె ఇచ్చేముందు అడుగు వరకు వెతకండి. నికాహ్‌నామా, మహర్ రసీదు, వక్ఫ్ భూమి కాగితం, ఇనాం పత్రం ఇలాంటి చోట్లనే ఉంటాయి. పెట్టెను కొన్నవాడు కాగితాలు తిరిగి తెచ్చివ్వడు.

ద్వారం దగ్గర బల్లమీద కాగితాలు ఉంచాం. నాలుగు గళ్లున్నాయి: వస్తువు, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఇప్పుడు ఎవరిది. నాది నిన్న రాత్రి నింపాను. ఇత్తడి పాన్‌దాన్‌ ఒకటి, గిన్నెలు అయిదు, సరోతా లేదు. నాలుగో గడిలో నా పేరు రాసి కొట్టేశాను. వచ్చే ఆదివారం పెట్టెతో ఖాలా ఇంటికి వెళ్తున్నాను. ఆమెతో మాట్లాడాక ఆ గడి నింపుతాను.