తాతగారి తుపాకి - తుప్పు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రైల్వేలో గూడ్సు గుమాస్తాను, మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవాణ్ణి. కనుక శాస్త్రం చెప్పను. చేసి చెడగొట్టింది చెబుతాను.

మా ముత్తాతగారు ఖుర్దారోడ్డుకు వలస వచ్చినప్పుడు ఒక ఇత్తడి బిందె, మూతి నుంచి మందు కూరే ఒక తుపాకి తెచ్చారట. బిందె మేనత్తతో అత్తవారింటికి వెళ్లింది. తుపాకి అటకమీద మిగిలింది. ఏటా దసరాకు దించడం, పసుపునీళ్లు చల్లి బొట్టు పెట్టడం, తుడవకుండా మళ్లీ ఎక్కించడం! ఇంత భక్తికి ఇనుము తట్టుకుంటుందా?

మొన్న దసరాకు దించినప్పుడు మా పెద్దవాడు చెల్లెలికి గురిపెట్టి ఆడుకున్నాడు. పక్కింటి మాజీ సిపాయిగారు వాణ్ణి కసిరి, ముఖం మూతికి ఎదురుగా పెట్టకుండా, సన్నని కర్రపుల్లను గొట్టంలో అడుగుదాకా దించమన్నారు. అదే పుల్లను బయట గొట్టం పక్కన పెట్టి చూస్తే నాలుగు వేళ్లు తక్కువైంది. అంటే లోపల మందూ గుండూ ఉన్నాయన్నమాట! పొడిగా ఉన్న తుపాకిమందు నూరేళ్లకైనా అంటుకుంటుంది. నాకు ముచ్చెమటలు పోశాయి. ఠాణాలో చెప్పి, లైసెన్సుగల మరమ్మతుదారు చేత తీయించాను. బాగుచేసినా పేలని పాత ఆయుధానికి 1959 నాటి ఆయుధాల చట్టంలో మినహాయింపు ఉంది గాని, పేలుతుందో లేదో తేల్చవలసింది మనం కాదు.

ఆ తరువాత నా తెలివి చూడండి. పక్కనున్న ఇనుప పలకను ఉప్పుకాగితంతో ఒక ఆదివారమంతా రుద్దాను. అద్దంలా మెరిసింది. దానిమీద కిరీటం గుర్తు, 'టవర్' అనే ఇంగ్లీషు మాట, కింద సంవత్సరం ఉండేవి. ఇప్పుడు '18' మాత్రం మిగిలింది. ముత్తాతగారికది ఏనాటి తుపాకియో చెప్పగలిగిన రెండంకెలను నేనే అరగదీశాను. మా నాన్నగారు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

గొట్టం విషయంలో బుద్ధి వచ్చింది. కొయ్యనుంచి విడదీసి, నూనెలో నానబెట్టి, శుభ్రమైన నీళ్లలో అరగంట మరిగించాను. ఎర్ర తుప్పు నల్లగా మారింది. పైకి లేచిన నల్లపొడిని మెత్తని బ్రష్షుతో దులిపి, వేడి ఆరకముందే నూనె రాశాను. గుంటలు గుంటలుగానే ఉన్నాయి. తుప్పు తిన్న ఇనుము తిరిగి రాదు. కాని గొట్టంమీది చిన్న ముద్రలన్నీ నిలిచాయి.

ఈ దసరాకు బొట్టు కొయ్యమీదనే పెడతాం. ఇనుముకు నూనె గుడ్డ చాలునని మా ఆవిడ ఇప్పటికే తీర్మానించింది.