మోటారు ఇంటి సొరుగు గది

పాతకాలపు బల్ల సొరుగును ఒక కొన పట్టి లాగి చూడుడు. రెండంగుళములు వచ్చి మొండికేయును. బలము హెచ్చించిన కొలదిని మరింత బిగియును. కొంచెము వెనుకకు నెట్టి, రెండు చేతులతో సమముగా లాగినచో మెత్తగా జారి వచ్చును. నేటి మన ప్రసంగమునకు విషయమైన యంత్రమును ఈ సొరుగు వంటిదే. దాని రోగమును ఇదే.

అమెరికాలో మోటారుహోమ్ అను వాహనము కలదు. పడక, పొయ్యి, స్నానపు గది సమస్తము అందే అమరియుండును. అయితే రహదారిపై దాని వెడల్పు సాధారణముగా 102 అంగుళములు, అనగా ఎనిమిదిన్నర అడుగులు, మించరాదు. ఆ ఇరుకున నలుగురు మసలుట కష్టము. అందుచే బండి నిలిచిన పిమ్మట ప్రక్కగోడలో ఒక భాగము, సోఫాతోనో మంచముతోనో కూడ, రెండు మూడడుగులు బయటికి జారునట్లు ఏర్పాటు చేసిరి. దానిని స్లయిడవుట్ అందురు. మనము సొరుగు గది అని పిలుచుకొందము. 1990 ప్రాంతమున ఇండియానా రాష్ట్రమందలి న్యూమార్ సంస్థ దీనిని ప్రచారములోనికి తెచ్చినది. ఇప్పుడు సొరుగు గది లేని పెద్ద బండి అరుదు.

అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇట్టి బండి కొన్నవారును, సెలవులకు అద్దెకు తీసుకొనువారును ఉన్నారు. స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులను ఎక్కించుకొని జాతీయవనములు చూపుదురు. బయలుదేరవలసిన ఉదయమున సొరుగు గది వంకరపోయి లోనికి రాకున్నచో ఆ ఇల్లు అంగుళము కదలదు. వచ్చినట్లే వచ్చి ఒక మూల సందు విడిచినచో అది మరింత చేటు. ఆ సందున వాన దిగి, పైకి ఏమియు తెలియకుండగనే నేలచెక్క నాని క్రుళ్లిపోవును.

ఇట్టి సమయమున ఎవరైనను చేయు మొదటి పని మీట నొక్కుట. రెండవ పని మరింత గట్టిగా నొక్కుట. మీటకు మన కోపము తెలియదు. ముందున్న కొన ఇంకను ముందుకు పోవును, వెనుకబడిన కొన బిగిసి అచ్చటనే నిలుచును. చక్రముల పళ్లు చెడును. ఒక్కొక్కప్పుడు గోడచట్రమే వంగును. కావున మీటను విడిచి కొలబద్దను చేతబట్టుడని మా మనవి.

కొలుచుటకు ముందు చూడదగినవి కొన్ని గలవు. బండి సమతలమున నిలిచినదా? మన తాపీమేస్త్రీలు వాడు రసమట్టమును బండి నేలపై నుంచి రెండు దిక్కులను చూడవలయును. ఎగుడుదిగుడు నేలపై నిలిచిన బండి చట్రము ఇంచుక మెలితిరిగి, నేరము లేని గదిని నేరస్థునిగా చూపును. మోటారునకు శక్తినిచ్చునది 12 వోల్టుల బ్యాటరీ. అది నీరసించినచో మోటారును నీరసించును. ఇక గది క్రిందను ప్రక్కలను చూడుడు. ఒక చెప్పు, పిల్లవాని బొమ్మ, పైకప్పుపై చెట్టుకొమ్మ, వెనుకకు జరిపి మరచిన డ్రైవరు కుర్చీ — వీనిలో ఏ ఒక్కటియైనను చాలును.

అటుపిమ్మట, గది కదలుచున్నచో, దానిని పూర్తిగా బయటికి పంపి, గది అంచునకును బండి గోడకును నడుమనున్న సందును నాలుగు మూలలను కొలిచి కాగితముపై వ్రాసికొనవలయును. ఈ నాలుగు అంకెలే రోగనిర్ణయము. బండి ముక్కు వైపు మూలలు రెండును ఒక తీరున, తోక వైపు మూలలు రెండును వేరొక తీరున ఉన్నచో, ఒక కొన రెండవదానికంటె ముందు నడచుచున్నదన్నమాట. పైమూలలకును క్రిందిమూలలకును భేదమున్నచో గది తల వాల్చినది. అది ఎత్తునకు సంబంధించిన దోషము. ఈ రెంటిని వేరుపరుపక కనబడిన మరనెల్ల త్రిప్పువాడు సాయంత్రమునకు మూడవ దోషమును సృష్టించును.

చికిత్స యంత్రమును బట్టి మారును. గది క్రింద పళ్ల కమ్ములు రెండును, వానిని నడుపు పళ్ల చక్రములు రెండును, ఆ చక్రములను కలుపు ఇరుసు ఒకటియు ఉండుట ఒక పద్ధతి. ఒక చక్రము ఒక్క పన్ను దాటినను ఆ కొన దారి తప్పును. ఇరుసును చక్రమునకు బిగించిన బోల్టును విప్పి, ఆ కొనను మాత్రము రెండవదానికి సమముగా తెచ్చి, తిరిగి బిగింతురు. ఎత్తు దోషమునకు వేరు బోల్టులుండును. వానిని పట్టియుంచు నట్టులను వదులుచేసి, బోల్టును పావుచుట్టు త్రిప్పి, మరల గదిని నడిపి, మరల కొలువవలయును. త్రిప్పుటకు ముందు బోల్టు తలపై సుద్దతో ఒక గీత పెట్టినచో, వెనుకకు పోవు దారి మిగిలియుండును.

గోడలోనే ఇరుప్రక్కల రెండు చిన్న మోటార్లు గల ష్వింటెక్ పద్ధతి వేరు. అందు ఇరుసు లేదు. విద్యుత్ సాధనమొకటి రెండు మోటార్ల చుట్లను లెక్కించుచు, వానిని జోడుగా నడిపించుచుండును. ఈ లెక్క తప్పుటకు తరచు మన తొందరయే కారణము. గది కొసకు చేరినట్లు కనబడగానే మీటనుండి వ్రేలు తీసివేయుదుము. రెండు మోటార్లును తమంతట తాము ఆగువరకు నొక్కియుంచవలయును. ఒకటి ముందాగి, క్షణము పిమ్మట రెండవది ఆగినను వ్రేలు తీయరాదు. ఇంకను వంకర మిగిలినచో రెండు మూడంగుళములు లోనికి తెచ్చి, మరల కొసవరకు పంపి, అట్లే కొన్నిమారులు చేయగా సాధారణముగా సమమగును. ఇందు పానా తాకనక్కరలేదు. ఈ మాట తెలియక గోడ విప్పించుకొన్నవారిపై మాకు జాలి.

ఉక్కుతీగలతో లాగు గదులలో బయటికి లాగు తీగకు లోనికి లాగు తీగ ఎదురు నిలుచును. ఒకదానిని బిగించుటకు ముందు దాని జోడును వదులుచేయనిచో తీగ తెగును. ఇక నూనె ఒత్తిడితో నడచు గదుల గొట్టములను ఇంటివారు ముట్టరాదు. ఆ ఒత్తిడికి చిమ్మిన నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అది నేర్చిన పనివాని చేతిలోనిదే.

పద్ధతి ఏదైనను గది కదలునపుడు ఒకరు లోపలను, ఒకరు బయటను నిలిచి, ఏ కొన చిక్కినను “ఆగు” అని కేక వేయునట్లు ఉండవలయును. గది క్రింద తల దూర్చినవారు ఉండగా మీటపై వ్రేలు ఉండరాదు. పిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు.

గది సమమైనదని తోచిన పిమ్మట చుట్టునున్న రబ్బరు అంచును పరీక్షింపవలయును. గదిని పూర్తిగా బయటికి పంపునపుడు, గోడకును రబ్బరునకును నడుమ కాగితపు ముక్కనొకదానిని పట్టించి, మెల్లగా లాగుడు. కొంచెము పట్టి వచ్చినచో రబ్బరు అదుముకొని యున్నది. ఊరక జారి వచ్చినచో అచ్చట నీరు దిగును. ఇట్లు నాలుగు వైపుల చేయుడు. తుదకు గది నేలను, ముఖ్యముగా క్రింది మూలలను, కాలితో నొక్కి చూడుడు. మెత్తగా దిగినచో చెక్క ఇదివరకే క్రుళ్లినది. అట్టి చెక్కలో బోల్టునకు పట్టు దొరకదు. ఎన్నిమారులు సరిచేసినను గది తిరిగి వాలును. అప్పుడు ముందుగా పిలువవలసినది యంత్రపు పనివానిని కాదు, వడ్రంగిని.