పాడినవారు నడిచారు

ఆరాధనలో పాత కీర్తన ఒకటి అందుకోగానే పుస్తకం తెరవకుండానే మీ నోట పాట వస్తుంది కదా? ఏ అమ్మమ్మో నాయనమ్మో నేర్పి ఉంటారు. ఆ పాట దేనికి పనికివస్తుందో ఈ పూట ధ్యానించుదాం.

1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీ పట్టణంలో, రోజా పార్క్స్ అనే నల్లజాతి సహోదరి బస్సులో తెల్లజాతి ప్రయాణికునికి సీటు ఇవ్వనన్నందుకు అరెస్టయ్యారు. సోమవారం ఎవరూ బస్సు ఎక్కవద్దని జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు రాత్రికి రాత్రే వేల కరపత్రాలు తీశారు. ఆ సోమవారం సాయంకాలం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చికి వేలాదిమంది వచ్చారు. చోటు చాలక బయట లౌడ్ స్పీకర్లు పెట్టవలసి వచ్చింది. 26 ఏళ్ల పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం మనకందరికీ తెలుసు. అయితే ప్రసంగానికి ముందు వారు పాడారు, ప్రార్థించారు.

ఆ పాటలు ఎక్కడివి? వారి పితరులు బానిసలు. బానిసకు చదువు చెప్పడం అలబామాలో నేరం. అందుచేత ఒకరు చరణం అందిస్తే మిగిలినవారు అందుకునేవారు, మన పల్లె సంఘాలలో పాడినట్టే. మోషే, ఫరో, యొర్దాను నది వారి పాటల్లో నిండి ఉండేవి. ఐగుప్తు వారికి దూరదేశం కాదు, వారు పని చేసిన పత్తి చేనే.

ఆలోచించండి. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు ఉద్యోగం పోతుందని భయం. పక్కన నిలబడినవారు ఎవరో తెలియదు. కాని పాట మొదలవగానే ఇద్దరికీ అదే మాట, అదే రాగం. వీరు మనవారే! బాప్టిస్టులు, మెథడిస్టులు ఒకరి చర్చికి ఒకరు వెళ్లి కూడుకున్నారు. మన ఊళ్లలో పక్కపక్క సంఘాలవారు క్రిస్మసుకైనా కలుస్తున్నారా? అది మీరే చెప్పాలి.

ఒక్కరోజుకని మొదలైనది 381 రోజులు సాగింది. కార్లున్నవారు ఎక్కించుకున్నారు, మిగిలినవారు నడిచారు. జనవరిలో కింగ్ ఇంటిపై బాంబు పడింది. అయినా వారం వారం కూటములు ఆగలేదు. పాట వలన చట్టం మారిందని నేను చెప్పను. మార్చింది న్యాయస్థానం. ఆ తీర్పు వచ్చేదాకా అలసిన కాళ్లను నిలబెట్టింది మాత్రం ఆ కూటములే.

1956 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డిసెంబరు 20న ఉత్తర్వు మాంట్‌గోమరీకి చేరింది. మరునాడు ఉదయం వారు బస్సు ఎక్కి ముందు సీట్లలో కూర్చున్నారు.