పసివాళ్ళకు దొడ్డి అలవాటు



పర్చూరు మొదలు ప్రత్తిపాడు దాకా మన నల్లరేగడి చేలలో పత్తితీతలు, మిరపకోతలు ముగిసి, ఏరువాక ఇంకా రాని రోజులు ఏడాదికి కొద్దిగానే ఉంటవి. ఆ వేసవి తీరికలో కారాలు కొట్టించుకుంటాము, పచ్చళ్ళు పెట్టుకుంటాము. ఇంట్లో ఏడాదిన్నర, రెండేళ్ళ పసివాడుంటే మరొక పని కూడా పెట్టుకోండి. వాడికి దొడ్డికి కూర్చోవడం నేర్పండి.

"ఇదీ ఒకరు చెప్పాలా? పెద్దయితే వాడికే తెలుస్తుంది" అంటారేమో. నిజమే, తెలుస్తుంది. మరి అందాకా సంగతేమిటి? కోతల రోజుల్లో తల్లి తెల్లవారేసరికి చేనికి పోవాలి. పిల్లవాడు నాయనమ్మ దగ్గరుంటే వాకిట్లో కూర్చుంటాడు, తల్లి వెంట పోతే కల్లం అంచున కూర్చుంటాడు. ఎత్తి పెంటదిబ్బ మీద పడవేస్తాము. పసివాడి మలం కీడు చెయ్యదని మనలో ఒక నమ్మకం కద్దు. అది సరికాదు. విరేచనాలు పుట్టించే క్రిములు పసివాళ్ళ మలంలోనూ ఉంటవి. ఈగలు వాటిని అన్నం మీదికి చేరవేస్తవి. మలంతో పడ్డ కొంకిపురుగు గుడ్లు తడినేలలో పిల్లలై, ఉత్తకాళ్ళతో తిరిగేవారి చర్మంలోనుంచే లోపలికి పోతవి. పేగుల్లో చేరి రక్తం పీల్చి మనిషిని పాలిపోజేస్తవి.

ఇక నేర్పే విధానం వినండి. పిల్లవాడు తడబడకుండా నడుస్తున్నాడా? గొంతుకూర్చుని లేవగలడా? రెండు గంటలపాటు లాగు తడపకుండా ఉంటున్నాడా? దొడ్డి వచ్చేముందు మూలకుపోయి ముక్కుతున్నాడా? అయితే అదను వచ్చిందన్నమాట. పదునులేని నేలలో విత్తనం వేయము గదా! ఇదీ అంతే. ఒక బిడ్డకు ఏడాదిన్నరకే వస్తుంది, మరొకరికి మూడేళ్ళు పట్టవచ్చు.

పెద్దల మరుగుదొడ్డి గుంత చూస్తే పసివాడికి భయం. కనుక దాని పక్కనే వాడి కాళ్ళకు సరిపడా ఎడంతో రెండు ఇటుకలు పెట్టి, నడుమ పాత కాగితం పరవండి. అన్నం తిన్న పావుగంటకు పేగులు కదులుతవి. అప్పుడు తీసుకుపోయి అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. వస్తే మెచ్చుకోండి. రాకపోతే లేపండి. కొట్టవద్దు, నలుగురిలో నవ్వులపాలు చెయ్యవద్దు. భయపడ్డ బిడ్డ బిగబట్టుకుంటాడు. మలం గట్టిపడి నొప్పిపెడుతుంది. ఆ నొప్పికి మళ్ళీ బిగబట్టుకుంటాడు. నీళ్ళు, అరటిపండు, ఆకుకూరపప్పు ఇస్తూ ఉంటే మలం మెత్తగా వస్తుంది. రాత్రి పక్క తడపడం అయిదేళ్ళ దాకా ఉండవచ్చు. అది వాడి తప్పు కాదు.

మిరప ఊళ్ళలో ఇంకొక జాగ్రత్త ఉంది. కాయలు కోసిన చేత్తో బిడ్డను కడిగితే ఆ మంటకు వాడు మళ్ళీ ఇటుకల దగ్గరికి రానంటాడు. వట్టి నీళ్ళకు ఆ ఘాటు పోదు. ముందు చేతులకు నూనె రాసి, తరువాత సబ్బుతో బాగా తోముకోండి. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా సరే, చెంబుగా వాడవద్దు.

ఎత్తిన మలాన్ని మరుగుదొడ్డిలోనే వెయ్యండి. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళకు మరుగుదొడ్లు వచ్చినవి. పసివాడిది వాకిట్లోనే ఉండిపోతే కట్టుకున్న దొడ్డి సగమే పనిచేసినట్లు. ఎత్తినవారు, కడిగినవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బిడ్డ చేతులు కూడా కడగాలి. 2015 నుంచి నులిపురుగుల మాత్రలు అంగన్‌వాడీలో ఉచితంగా ఇస్తున్నారు. ఏడాది నిండి రెండేళ్ళలోపు ఉన్న బిడ్డకు సగం మాత్ర, రెండు నిండితే ఒకటి. తప్పక వేయించండి.

ఈ అలవాటు తల్లి ఒక్కతే నేర్పితే నిలవదు. మళ్ళీ కోతలు వచ్చేసరికి బిడ్డ నాయనమ్మ చేతిలో ఉంటాడు. కాబట్టి అత్తగారికీ, ఇంటాయనకూ ఇవే మాటలు చెప్పండి. ఇటుకలు ఒకేచోట ఉండాలి, వేళ ఒకటే కావాలి, పిలిచే మాట కూడా అందరిదీ ఒకటే కావాలి.