ఈస్టు అక్కరలేని రొట్టె
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించో, వైద్య బిల్లుల గురించో కాక వంట గురించి మాట్లాడమన్నారు. సంతోషం. సర్వీసంతా వంటింటి గడప తొక్కని మగవారు మనలో చాలామంది ఉన్నారు. పిల్లలు దూరాన ఉన్నారు. ఇంట్లో మిగిలింది ఇద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరు మంచం పడితే రెండోవారి గతేమిటి? అందుకని వంట కొత్తగా మొదలుపెట్టేవారు కూడా చేయగల సోడా బ్రెడ్ గురించి చెబుతాను.

ఇది ఐర్లండు దేశపు పల్లె రొట్టె. అక్కడి చల్లని, తడి వాతావరణంలో పండేది మెత్తరకం గోధుమ. ఈస్టు రొట్టెకు కావలసిన సాగుడు గుణం దానిలో తక్కువ. 1830ల నాటికి వంటసోడా అక్కడ వాడుకలోకి వచ్చింది. పాడి ఉన్న ఇంట వెన్న తీసిన పుల్ల మజ్జిగకు కొదవ లేదు. చాలా ఇళ్ళలో ఓవెన్ లేకపోయినా, ఇనుప పాత్రలో ముద్ద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చి కాల్చుకునేవారు. ఉన్నదానితో సరిపెట్టుకున్న ఇల్లాళ్ళ తెలివి అది.

మజ్జిగలోని ఆమ్లం సోడాతో కలవగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టి పిండిని పొంగిస్తాయి. ఇడ్లీ పిండిలా రాత్రంతా ఆగనక్కరలేదు. అయితే ఆ బుడగలూ మన కోసం ఆగవు. కాబట్టి ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి.

మైదా 450 గ్రాములు తీసుకోండి. సగం గోధుమపిండి అయినా మంచిదే. తలకొట్టిన టీచెంచా వంటసోడా, అర టీచెంచా ఉప్పు వేసి, ఉండలు లేకుండా జల్లించండి. సోడాకు బదులు బేకింగ్ పౌడర్ వేయవద్దు, రెండూ ఒకటి కావు. చిక్కని పుల్ల మజ్జిగ 350 మిల్లీలీటర్లు పోసి వేళ్ళతో కలపండి. గోధుమపిండి కలిపితే మరికాస్త పడుతుంది. చపాతీ పిండిలా పిసికితే రొట్టె గట్టిపడుతుంది. ముద్ద ఒక దగ్గరికి వస్తే చాలు. ఒకటిన్నర అంగుళాల మందాన గుండ్రంగా అద్ది, నడుమకు వేడి చేరేలా పైన కత్తితో లోతుగా కూడిక గుర్తు పెట్టి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 నుంచి 45 నిమిషాలు కాల్చండి. అడుగున వేలితో తడితే డొల్ల శబ్దం రావాలి. పొడి బట్టలో చుట్టి ఉంచితే పైపెచ్చు మెత్తబడుతుంది. ఆ రోజే తింటే రుచి. మర్నాడైతే పెనం మీద వేడిచేసుకోండి.

రక్తపోటు ఉన్నవారికి ఒక హెచ్చరిక. టీచెంచా వంటసోడాలోనే సుమారు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నేను చెప్పిన కొలతతో రొట్టెను ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు 300 వరకు వస్తుంది. ఉప్పు పూర్తిగా మానినా రొట్టె పొంగుతుంది. సోడా మానితే పొంగదు. మధుమేహం ఉన్నవారు ఇదీ పిండివంటేనని మరువరాదు.

సోదరులారా! వచ్చే ఆదివారం పిండి మీరు కలపండి. సోదరీమణులు కుర్చీ వేసుకుని పర్యవేక్షించండి. ఒకరి మీద ఒకరం ఆధారపడే ఈ వయసులో, ఒక పూట అవతలివారికి వండిపెట్టగలగడం చిన్న విషయం కాదు.