నాజర్ పక్కన నిలబడ్డవారు

స్మారకోపన్యాసానికి పిలిచినవారు పొగడ్తలు ఆశిస్తారు. వాటిని ముందే ముగించేస్తే మిగతా పొద్దంతా వాదానికి దక్కుతుంది. షేక్ నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు, 1997 ఫిబ్రవరి 21న కన్నుమూశారు. మురుగుళ్ల సీతారామయ్య దగ్గర సంగీతం నేర్చారు, ప్రజానాట్యమండలిలో పనిచేశారు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను బుర్రకథలుగా ఊరూరా చెప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. దూది ఏకే ఇంట పుట్టిన ఆయన ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన మీద ఈ వక్తకున్న మమకారంలో సగానికి కారణం ఒకే జిల్లా నీళ్లు తాగడం. దానికి పాండిత్యంతో పనిలేదు.

ఇక పేచీ.

‘బుర్రకథా పితామహుడు’ బిరుదును ప్రతి సభలోనూ వల్లిస్తారు. నాజర్ గొప్పతనం మీద తగాదా లేదు. కానీ బుర్రకథ ఒక్కడి కళ కాదు. నడుమ కథకుడు తంబురాతో, అందెలతో ఆడుతూ పాడతాడు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టిన వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ‘తందాన తాన’ అని వాళ్లు అందుకోకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధే ఉండదు. అంతెందుకు, కాకుమాను సుబ్బారావు కథకుడిగా ఉన్న తొలినాటి కమ్యూనిస్టు బుర్రకథ దళంలో నాజరూ వంతే. పితామహుడిగా కీర్తించేవారు ఈ ముక్కను ఒక్క వాక్యంలో దాటేస్తారు.

కథ కట్టేది కథకుడేగా అని ఒక అభ్యంతరం. అన్నిసార్లూ కాదు. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి కథలు రాసిచ్చారు, దళాలు చెప్పాయి. వంతల మాటలూ అచ్చులో ఉన్నాయిగా అని ఇంకొకటి. అచ్చులో ఉన్నది ఎముకల గూడు. రాజకీయ వంత ఆ ఊళ్లో ఆ రాత్రి ఏమన్నాడో ఏ పుస్తకంలోనూ లేదు. మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ సర్కారు, తన రాజ్యంలో నిజాం బుర్రకథను నిషేధించారు. పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడి కోడిపందేలు పాడితే ఏ సర్కారుకు నొప్పి? ఆ పందేలను వడ్డీ వ్యాపారి గుమ్మం దాకా లాక్కొచ్చేది వంతే. బెంగాల్ కరువు కథలో కథకుడే రాజకీయం మాట్లాడాడు కదా అనవచ్చు. నిజమే. అయినా కలకత్తా ఆకలిని మన ఊరి గాదెలతో ముడిపెట్టే పని పక్కవాడిదే.

ఈ తగువు మనది మాత్రమే కాదు. జమైకాలో 1963లో మొదలైన వెయిలర్స్ రెగే సంగీత బృందాన్ని పదేళ్లు మోసినవి మూడు గొంతులు: బాబ్ మార్లీ, పీటర్ టోష్, బన్నీ వెయిలర్. 1973లో ‘క్యాచ్ ఎ ఫైర్’, ‘బర్నిన్’ ఆల్బమ్‌లు వచ్చాక టోష్, బన్నీ విడిపోయారు. మార్లీ పేరు ముందుకొచ్చింది. లోకానికి రెగే అంటే మార్లీయే. అయినా 1976లో టోష్, బన్నీ చెరొక సొంత ఆల్బమ్ తెచ్చి పేరు నిలుపుకున్నారు. మన వంతలకు ఆ దారీ లేదు. 1954 నాటి ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ బుర్రకథ చూసి మురిసేవారిని, పక్కనున్నవారి పేర్లు అడిగి చూడండి.

అందుకే ఈ వక్త ఇప్పుడు చిలకలూరిపేట, అద్దంకి, పర్చూరు పల్లెల్లో పాత వంతలను వెతుకుతున్నాడు. మిరప కోతలప్పుడు ఎవరూ దొరకరు. కాయ యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరాకే మాటకు తీరిక. పాట పాడమని అడగడం లేదు. ఆ రాత్రి ఏమన్నారు, ఎవరు నవ్వారు, ఎవరు లేచి వెళ్లారు అనే అడుగుతున్నాడు. రాబోయే పుస్తకంలో కథకుడి పాఠం నడుమ ఉంటుంది, వంతల మాటలు అటూ ఇటూ. కాగితం ఖర్చు పెరుగుతుందని ప్రచురణకర్తలు గొణుగుతున్నారు.

నిర్వాహకులకు ఒక మనవి. వచ్చే ఏడు ఉపన్యాసకుడికి బదులు ఇద్దరు వంతలను పిలిస్తే, ఈ వక్త తన పారితోషికాన్ని వాళ్ల దారిఖర్చులకు వదులుకుంటాడు. గుమ్మెటలు వాళ్లే తెచ్చుకుంటారు.